డిస్కుకీ ఓ జమాబందీ

ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఈ ముచ్చట కొత్తేమీ కాదు. పని మధ్యలో కరెంటు పోతుంది. వచ్చాక మళ్లీ స్విచ్చి వేస్తే, రోజూ కనిపించే రంగుల బొమ్మ రాదు. ఉత్త తెర మీద తెల్లటి ఇంగ్లిషు అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. ‘మీ డిస్కుల్లో ఒకదాన్ని తనిఖీ చేయాలి. వద్దనుకుంటే పది సెకన్లలోగా ఏదైనా మీట నొక్కండి’ అని వాటి సారాంశం. పది... తొమ్మిది... ఎనిమిది... అబ్బాయికి హాల్‌టికెట్ ప్రింటు కావాలి. అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు పంపాలి. ఎవరో ఒకరు టక్కున మీట నొక్కేస్తారు. తెర మామూలుగా వచ్చేస్తుంది. ‘హమ్మయ్య, బాగైపోయింది’ అనుకుంటాం.

బాగవలేదు. అడిగినవాడి నోరు మూయించామంతే!

ఆ తనిఖీ పేరు చెక్ డిస్క్. దాన్ని కంప్యూటరే అడగాలని లేదు. నల్ల తెర మీద అక్షరాలు కొట్టి మనమే నడిపించుకోవచ్చు. కంప్యూటర్ షాపు కుర్రాళ్లు టకటకా ఏదో కొట్టి ‘ఓ గంటాగి రండి సార్’ అంటారే... చాలాసార్లు వాళ్లు నడిపేది దీన్నే. అదేదో మంత్రమనుకుని మనం దణ్ణం పెట్టి వచ్చేస్తాం. అది మంత్రం కాదు, లెక్కల తనిఖీ. అది ఏం సరిచేస్తుందో, ఏం సరిచేయదో తెలుసుకోకుండా నడిపితే, మిగిలి ఉన్న ఫొటోల్ని కూడా మన చేత్తో మనమే సాగనంపే ప్రమాదం ఉంది.

చేను వేరు, అడంగల్ వేరు

మాది రామచంద్రపురం. గోదావరి డెల్టాలో వరిచేల మధ్య ఊరు. పైగా రెవెన్యూ డివిజన్ కేంద్రం. అడంగల్, అజమాయిషీ, జమాబందీ లాంటి మాటలు చిన్నప్పటి నుంచీ చెవిన పడుతూనే ఉంటాయి. 1984లో కరణీకాలు రద్దయినా ఆ మాటలు పోలేదు. డిస్కు సంగతి అర్థం చేసుకోవడానికి నాకు ఏ ఇంగ్లిషు పుస్తకం కన్నా ఈ మాటలే ఎక్కువ పనికొచ్చాయి.

హార్డ్ డిస్కును ఊరి ఆయకట్టు అనుకోండి. దాన్ని చిన్న చిన్న మళ్లుగా విడగొడతారు. కంప్యూటర్ భాషలో వాటిని క్లస్టర్లంటారు. విండోస్‌లో మామూలుగా ఒక్కో మడి 4 కిలోబైట్లు. అంటే 3 మెగాబైట్ల ఫొటో ఒకటి దాచాలంటే 768 మళ్లు కావాలి. అన్నీ పక్కపక్కనే దొరకాలని లేదు. కాలవ గట్టున కొన్ని, చెరువు దిగువన కొన్ని, ఊరవతల కొన్ని. మరి ఏ ఫొటో ఏ మళ్లలో ఉందో తెలిసేదెలా? అందుకోసం డిస్కు మీదే అడంగల్ లాంటి పుస్తకం ఒకటి ఉంటుంది. ఫైలు పేరేమిటి, ఏ మడిలో మొదలై తర్వాత ఏ మడిలోకి వెళుతుంది, ఏ మళ్లు ఖాళీగా ఉన్నాయి... అన్నీ అందులో రాసి ఉంటాయి. ఈ ఏర్పాటు పేరే ఫైల్ సిస్టమ్. చాలా పెన్‌డ్రైవుల్లో, పాత డిస్కుల్లో కనిపించేది ఫ్యాట్ అనే రకం. 1993లో విండోస్ ఎన్‌టీతో పాటు వచ్చి, ఇవాళ్టికీ విండోస్ కంప్యూటర్లలో నడుస్తున్నది ఎన్‌టీఎఫ్‌ఎస్.

ఒక ఫొటో దాచడమంటే రెండు పనులన్నమాట. చేలో నాట్లు వేయడం ఒకటి, పుస్తకంలో రాయడం రెండోది. ఒకటయ్యి రెండోది కాకముందే కరెంటు పోతే? పెన్‌డ్రైవును చెప్పాపెట్టకుండా పీకేస్తే? చేను ఒకటి చెబుతుంది, పుస్తకం ఇంకొకటి చెబుతుంది.

అక్కడి నుంచి తగాదాలు మొదలు. కొన్ని మళ్లు సాగులో ఉన్నాయని రాసి ఉంటుంది, ఆసామీ పేరు మాత్రం ఉండదు. ఒకే మడి ఇద్దరి పేర్ల మీద ఉంటుంది. మరోచోట ఆసామీ పేరుంటుంది గానీ, ఆ మడి నంబరు అసలు ఆయకట్టులోనే ఉండదు. ఇక కొన్ని మళ్లు చౌడు దేలిపోతాయి. అంటే డిస్కు మీద ఆ జాగా చెడిపోయి, రాసింది చదవడానికి రాదు.

ఫసలీ ముగిశాక ఊరి లెక్కలన్నీ ముందేసుకుని పై అధికారి సరిచూడటాన్ని జమాబందీ అంటారు. చెక్ డిస్క్ చేసేది అచ్చంగా అదే. ఒక పద్దుకూ మరో పద్దుకూ పొంతన కుదిరిందా లేదా చూస్తుంది. కుదరకపోతే కుదురుస్తుంది. ఇద్దరి పేర్ల మీదున్న మడి తగాదా తీర్చేస్తుంది. ఆసామీ లేని మళ్ల సంగతి తేల్చేస్తుంది. కానీ అందులో పండిన పంట ఎవరిది, అది ఎవరి పెళ్లి ఫొటో, ఎవరి ముఖం... దానికి తెలియదు, అక్కర్లేదు కూడా. దాని పని లెక్క సరిపోవడం. లెక్క సరిపోతే చాలు, మన ఫొటో పోయినా ‘అంతా సవ్యంగా ఉంది’ అనే చెబుతుంది. ఈ ఒక్క ముక్కా గుర్తుంటే సగం చదువు వచ్చేసినట్టే.

తప్పిపోయినవాళ్ల గుడారం

ఈ తనిఖీకి పెద్ద చరిత్రే ఉంది. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన మొట్టమొదటి డాస్‌లోనే చెక్ డిస్క్ ఉంది. రాసినవాడు టిమ్ ప్యాటర్సన్. ఆ డాస్‌కు మూలమైన వ్యవస్థను రాసిందీ ఆయనే. పెద్ద కంప్యూటర్ల మీద నడిచే యూనిక్స్‌లో ఇదే పనికి ఎఫ్‌ఎస్‌సీకే అని మరొకటి ఉంది. దాన్ని టి.జె. కొవాల్‌స్కీ రాశాడు. నేటి లినక్స్‌లోనూ అదే పేరుతో ఆ పని సాగుతోంది.

యూనిక్స్‌వాళ్లు పెట్టిన ఓ పేరు నాకు భలే నచ్చుతుంది. తనిఖీలో దొరికిన పేరూ ఊరూ లేని ఫైళ్లను వేసే ఫోల్డరుకు ‘లాస్ట్ ప్లస్ ఫౌండ్’ అని పేరు. అంటే పోయినవి, దొరికినవి. మహాశివరాత్రికి కోటిపల్లి తీర్థంలో తప్పిపోయిన పిల్లల్ని కూర్చోబెట్టి మైకులో పిలుస్తూ ఉంటారు కదా, అలాంటి గుడారమన్నమాట. పిల్లాడు క్షేమంగానే ఉంటాడు. తన పేరు మాత్రం చెప్పలేడు. వచ్చి గుర్తుపట్టాల్సింది మనవాళ్లే. విండోస్‌లో ఆ గుడారం పేరు ఫౌండ్ డాట్ 000. ఆ గుడారం ముందు మూడు రోజులు కాపలా కూర్చున్న ఇంట్లో నేనూ ఉన్నాను.

రిజిస్టరు చిరిగింది... నెగటివులున్నాయి

మా పెదనాన్నకు ఊళ్లో ఫొటోస్టూడియో ఉండేది. రీళ్ల కాలం నుంచీ ఆయనదో పద్ధతి. ఒక్కో పెళ్లి నెగటివులు ఒక్కో కవరులో. కవరు మీద నంబరు. రిజిస్టరులో ఆ నంబరుకెదురుగా పార్టీ పేరు, ఊరు, తేదీ. ద్రాక్షారామ, వేగాయమ్మపేట, వెల్ల... చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లన్నీ ఆ అలమరలో ఉండేవి. డిజిటల్ కెమెరా వచ్చాక కవర్లు పోయి, వాటి స్థానంలో అరచేతిలో పట్టే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు ఒకటి వచ్చింది.

2009 వేసవి. ముహూర్తాల రోజులు. ఒక మధ్యాహ్నం కెమెరాలోంచి డిస్కులోకి ఫొటోలు ఎక్కుతుండగా కరెంటు పోయింది. వచ్చాక చూస్తే కొన్ని ఫోల్డర్లు తెరుచుకోవడం లేదు. కొన్నిటి పేర్లున్న చోట పిచ్చి గీతలు. షాపులో చూపిస్తే ‘ఫార్మాట్ చేసేద్దాం, డిస్కు మళ్లీ కొత్తదానిలా పనిచేస్తది’ అన్నారట. నిజమే, పనిచేస్తుంది. ఊరు మొత్తం ఖాళీ చేయిస్తే ఇక తగాదాలేముంటాయి! పెదనాన్న ఒప్పుకోక డిస్కు పట్టుకుని ఇంటికొచ్చేశాడు.

ఆ వారంలోనే వెల్ల నుంచి ఒకమ్మాయి వచ్చింది. 2007లో తన పెళ్లికి ఫొటోలు తీసింది పెదనాన్నే. తండ్రి పోయి మూడు నెలలైందట. ఆల్బమ్ వెంట తెచ్చుకుంది. అందులో తండ్రి ఉన్న ఫొటోలు చాలానే ఉన్నాయి. కానీ అన్నిట్లోనూ తల వంచుకునో, పక్కకు తిరిగో ఉన్నాడు. కన్యాదానం చేసే మనిషికి కెమెరా వంక చూసే తీరికెక్కడిది!

‘ఆల్బమ్‌లో వెయ్యని ఫొటోలు మీ దగ్గరుంటాయి కదండీ బాబాయ్ గారూ. మా నాన్న ముఖం ఎదురుగా ఉన్నది ఒక్కటైనా ఉంటదేమో చూడండి’ అంది.

ఆల్బమ్‌లో వేయని ఫొటోలంటే ఎవరో కళ్లు మూసుకున్నవి, ఎవరి తలో అడ్డొచ్చినవి. పనికిరావని పక్కన పెట్టినవి. వాటికి ప్రింట్లుండవు, మరో చోట కాపీ ఉండదు. ఉన్న ఒక్క చోటూ ఆ డిస్కే. పెదనాన్న ఆ అమ్మాయికి సంగతంతా చెప్పి, నాలుగు రోజులాగి రమ్మన్నాడు.

సెలవులకు ఇంటికొచ్చిన నేను అప్పుడు వాళ్లింట్లోనే ఉన్నాను. పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, అప్పటికే కంప్యూటర్స్‌లో డిగ్రీ పూర్తి చేశాడు. పెదనాన్న డిస్కు తగిలించి తెర ముందు కూర్చోబోతుంటే ఆపాడు.

‘నాన్నా, ఏదీ నొక్కకు. ముందు దీనికి నకలు తీద్దాం.’

‘పాడైపోయినదానికి నకలెందుకురా?’

‘పాడైంది లెక్కే నాన్నా. ఫొటోలు చాలావరకు లోపలే ఉండుంటాయి.’

పెదనాన్న కాసేపు ఆలోచించాడు. ‘అంటే రిజిస్టరు చిరిగింది గానీ, నెగటివులు కవర్లలోనే ఉన్నాయంటావు.’

‘ఆయ్, అంతే. రిజిస్టరు సరిచేసేటప్పుడు ఒక నంబరు తప్పు పడిందంటే ఆ కవరు ఇక దొరకదు. అందుకని నకలు మీద సరిచేద్దాం.’

కాకినాడ వెళ్లి అదే సైజు డిస్కు ఇంకోటి కొనుక్కొచ్చారు. అన్నయ్య కంప్యూటర్‌ను లినక్స్ సీడీతో ఆన్ చేసి, మొదటి మడి నుంచి చివరి మడి దాకా ఉన్నదున్నట్టు నకలు తీయడం మొదలెట్టాడు. ఇన్వర్టర్ మీద భారం పడకుండా ఆ రాత్రి ఇంట్లో ఒక్క ఫ్యానుతో సరిపెట్టుకున్నాం. తెల్లారాక అసలు డిస్కు బీరువాలోకి వెళ్లి తాళం పడింది. అప్పుడు నకలు మీద చెక్ డిస్క్ నడిపాడు. కాసేపటికి తెర మీద ఒక ప్రశ్న దగ్గర ఆగింది. ‘తెగిపోయిన గొలుసులను ఫైళ్లుగా మార్చాలా? వై/ఎన్.’

పెదనాన్న కళ్లజోడు సవరించుకుని ‘ఏం నొక్కాలిరా?’ అన్నాడు.

ఫ్యాట్ రకం డిస్కుల్లో ఒక మడి దగ్గర తర్వాతి మడి నంబరు రాసి ఉంటుంది. అలా గొలుసులా సాగుతుంది. మొదట్లో ఉండాల్సిన ఆసామీ పేరు చెరిగిపోతే మిగిలేది మొదలు తెలియని గొలుసు. ఎన్ అని నొక్కితే ఆ మళ్లన్నిటినీ ఖాళీ భూమి కింద రాసేస్తుంది. వై అని నొక్కితే ఒక్కో గొలుసుకు ఒక్కో నంబరిచ్చి గుడారంలో కూర్చోబెడుతుంది. ఏది నొక్కినా లెక్క సరిపోతుంది. కంప్యూటర్‌కు రెండూ ఒకటే. తేడా ఉన్నది వెల్లలో ఎదురుచూస్తున్న ఆ అమ్మాయికి.

వై నొక్కారు.

ఫోల్డరులో వేలకొద్దీ ఫైళ్లు వచ్చిపడ్డాయి. పేర్లు ఫైల్0000, ఫైల్0001... చివర సీహెచ్‌కే అన్న తోక. అన్నయ్య ఒక్క ఆజ్ఞతో తోకలన్నీ జేపీజీగా మార్చేశాడు. ఇక ఒక్కోటీ తెరవడమే. చాలావాటికి తెరుచుకునే యోగం లేదు. కొన్ని పై అంగుళం వరకే వచ్చాయి. కొన్నిట్లో ఒక పెళ్లి పందిరి కింద మరో పెళ్లి భోజనాల బంతి అతుక్కుంది. ముగ్గురం వంతులేసుకుని మూడు రోజులు చూశాం.

మూడో రోజు సాయంత్రం దొరికింది. ఫొటో కింద సగం ఉత్త బూడిదరంగు పట్టీ. పై సగంలో పెళ్లికూతురు కళ్లు మూసుకుని ఉంది, అందుకే దాన్ని అప్పట్లో పక్కన పెట్టేశారు. ఆ వెనకాల పందిరి రాట పక్కన తండ్రి. ఎవరో ఏదో అన్నట్టున్నారు, నిండుగా నవ్వుతూ సూటిగా కెమెరా వైపే చూస్తున్నాడు.

పెదనాన్న ఆ పై సగం వరకు కత్తిరించి ఒక ప్రింటు వేసిచ్చాడు. ఆ అమ్మాయి చాలాసేపు చూసి, ‘ఇంకో అయిదు కావాలండి. అన్నయ్యలకీ, అక్కలకీ’ అంది. ఒక్క డిస్కులో, పేరు కూడా లేకుండా మిగిలిన ఆ నవ్వు ఆరిళ్లకు చేరింది.

చిట్టా, ఆవర్జా

ఈ పదిహేనేళ్లలో కొంత మేలు జరిగింది. పాత కోమటి కొట్లలో బేరం జరగ్గానే ముందు చిట్టాలో రాసి, తర్వాత తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 లాంటివి అలాగే చేస్తాయి. చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసుకుంటాయి. మధ్యలో కరెంటు పోయినా, వచ్చాక చిట్టా చూసుకుని ఆవర్జా సరిచేసుకుంటాయి. అందుకే మునుపటంత తరచుగా తనిఖీ తెర కనిపించడం లేదు. అయితే పెన్‌డ్రైవుల్లో, కెమెరా కార్డుల్లో ఉండే ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్ రకాలకు ఈ చిట్టా లేదు. అక్కడ అజాగ్రత్త పనికిరాదు.

ఇంకో మార్పు మాత్రం మనకు అనుకూలం కాదు. కాకినాడ - కోటిపల్లి రైలు లైను సంగతి మా వైపు అందరికీ తెలుసు. రామచంద్రపురం మీదుగా వెళ్లే ఆ లైను పట్టాలను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో పీకేశారు. దారి మిగిలింది కాబట్టి మళ్లీ పట్టాలు వేసి 2004లో రైలు నడిపారు. పాత హార్డ్ డిస్కుల్లో ఫైలు చెరిపేయడం ఇలాంటిదే. పుస్తకంలో పేరు కొట్టేస్తారు గానీ మళ్లలో సరుకు కొంతకాలం ఉంటుంది. ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములు పుస్తకంతో పనిలేకుండా నేరుగా చేలోకి దిగి, ఫొటో ఆనవాళ్లు పట్టి బయటికి తీస్తాయి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండే ఎస్‌ఎస్‌డీలు అలా కాదు. ఫైలు చెరిపితే ఆ జాగాను కూడా వెంటనే తుడిచేసే ఏర్పాటు వాటిలో ఉంటుంది. పట్టాలతో పాటు దారినీ దున్నేసినట్టన్నమాట. చెరిపాక వెతుక్కోవచ్చులే అన్న ధీమా ఇక పెట్టుకోకూడదు.

వైద్యుడే జబ్బు చేసిన సందర్భమూ ఉంది. 2020 డిసెంబరులో విండోస్ 10కు వచ్చిన ఒక అప్‌డేట్ తర్వాత, కొద్ది కంప్యూటర్లలో చెక్ డిస్క్ నడిపితే ఫైల్ సిస్టమే దెబ్బతిని అవి ఆన్ కాకుండా పోయాయి. మైక్రోసాఫ్ట్ ఆ సంగతి ఒప్పుకుని సవరణ విడుదల చేసింది. మందు మంచిదే అయినా, ముందు నకలు తీయడం ఎందుకో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మన ఇంట్లో ఎలా?

ముందుగా ఒకటి. డిస్కు లోపల్నుంచి టిక్ టిక్ మని శబ్దం వస్తున్నా, ఫైలు తెరవడానికి నిమిషాలు పడుతున్నా తనిఖీల జోలికి వెళ్లొద్దు. అది లెక్కల జబ్బు కాదు, ఒంటి జబ్బు. వెంటనే ఆపి, డేటా బయటికి తీసే నిపుణుల దగ్గరకు తీసుకెళ్లాలి.

డిస్కు మామూలుగానే తిరుగుతూ ఫోల్డర్లు మాత్రం మొరాయిస్తుంటే, ముఖ్యమైనవి ముందు మరో చోటికి కాపీ చేసుకోండి. డిస్కు తగిలించగానే ‘ఫార్మాట్ చేయాలా?’ అని అడిగితే వద్దనే చెప్పండి. ఫోన్‌లో మెమరీ కార్డు అడిగినా అదే జవాబు.

తర్వాత స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి, కనిపించిన కమాండ్ ప్రాంప్ట్ మీద కుడి క్లిక్‌తో ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకోండి. నల్ల తెర వస్తుంది. అందులో సి, హెచ్, కె, డి, ఎస్, కె అక్షరాలు కలిపి కొట్టి, ఖాళీ వదిలి, డ్రైవ్ అక్షరం, పక్కనే కోలన్ గుర్తు పెట్టి ఎంటర్ నొక్కాలి. ఇది అజమాయిషీ లాంటిది. చూసి చెబుతుంది, దేన్నీ ముట్టుకోదు. వాడుకలో ఉన్న డ్రైవ్ అయితే ఒక్కోసారి లేని తప్పులు కూడా చెబుతుంది, కంగారు పడొద్దు. చివర స్లాష్ ఎఫ్ చేరిస్తే పుస్తకం దిద్దుతుంది. స్లాష్ ఆర్ చేరిస్తే పుస్తకంతో పాటు ప్రతి మడీ తిరిగి చౌడు నేలల్ని గుర్తిస్తుంది. పెద్ద డిస్కుకు గంటలు పడుతుంది. నీరసించిన డిస్కుకు ఆ తిరుగుడే ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి నకలు లేకుండా స్లాష్ ఆర్ వద్దు.

విండోస్ ఉన్న సి డ్రైవ్‌ను అప్పటికప్పుడు దిద్దలేదు. కోత సాగుతున్న చేలో గొలుసు లాగి కొలవలేం కదా. ఈసారి ఆన్ చేసినప్పుడు చేయమంటారా అని అడుగుతుంది. వై నొక్కి, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి, పూర్తయ్యేదాకా ముట్టుకోకుండా వదిలేయాలి. లినక్స్‌లోనూ ఇదే సూత్రం. వాడుకలో ఉన్న డిస్కును విడదీశాకే ఎఫ్‌ఎస్‌సీకే నడపాలి.

ఇవన్నీ తెలిసిన మహామహులకూ చివరికి దిక్కయ్యేది నకలే. 1998లో ‘టాయ్ స్టోరీ 2’ యానిమేషన్ సినిమా పని జరుగుతుండగా, పిక్సార్ కంపెనీలో ఎవరో కొట్టిన ఒక్క ఆజ్ఞతో సినిమా ఫైళ్లు వరసగా మాయమైపోయాయి. బ్యాకప్ చూస్తే అదీ సరిగ్గా పనిచేయడం లేదు. పసిబిడ్డ తల్లి కావడంతో ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సుస్మన్ అనే సాంకేతిక నిపుణురాలి కంప్యూటర్లో ఒక నకలుండబట్టి సినిమా బతికింది. నకలు తీశామన్న తృప్తి చాలదు, అది తెరుచుకుంటోందో లేదో అప్పుడప్పుడూ చూసుకోవాలని కూడా ఈ కథ చెబుతుంది.

స్టూడియో ఇప్పుడు అన్నయ్య చూసుకుంటున్నాడు. పెదనాన్న పెట్టిన ఆచారం ఒకటి అక్కడ సాగుతోంది. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి ఆ నెలలో డిస్కులన్నీ బీరువాలోంచి దిగుతాయి. ఒక్కోటీ తగిలించి తనిఖీ చేస్తారు. రెండో నకలు తెరుచుకుంటోందో లేదో చూస్తారు. ఎవరి ఫొటోలు ఏ డిస్కులో ఉన్నాయో కాగితం రిజిస్టరులో, పెన్నుతో రాస్తారు. పనికిరావని పక్కన పెట్టిన ఫొటోల్ని మాత్రం చెరపరు. ఏ ఫొటో కోసం ఎవరు ఎప్పుడు వస్తారో తెలియదు గనక.

ఏడాదికో రోజు మనం కూడా కేటాయించుకుంటే పోలా!